మాస్టారి ఎడమ కాలు

మాస్టారంటే గుర్రం. వయసు ఇరవై మూడేళ్ళు, ఒళ్ళంతా కాల్చిన ఇటుక రంగు, నుదుటి మీద అరచేయంత తెల్ల మచ్చ. ఆ సవారీ బడిలో నేర్చుకున్నవాళ్ళలో సగానికి పైగా మొదట ఎక్కింది ఆయన వీపే కాబట్టి ఆ పేరు వచ్చింది. ఎవరు ఎంత వంకరగా కూర్చున్నా, పగ్గాలు ఎటు లాగినా, ఒక్కసారి చెవులు వెనక్కి తిప్పి, ఇదీ అనుభవించాల్సిందే అన్నట్టు నిలబడిపోయేవారు. గుర్రాన్ని పట్టుకుని 'ఆయన' అనడమేమిటని నవ్వేవాళ్ళు ఆ లాయంలో నాలుగు రోజులు పనిచేసి చూడాలి. అక్కడ మనుషులకు లేని మర్యాద కూడా మాస్టారికి దక్కేది.

ఇక మనుషుల్లో బాబాయి. ముప్పై ఒక్కేళ్ళుగా ఆ లాయంలో గుర్రాలను చూసుకుంటున్నది అతనే. బడి నడిపే మేడమ్‌కీ అతను బాబాయే, లాడాలు కొట్టే అతనికీ బాబాయే, చివరికి అతనికంటే పదేళ్ళు పెద్దవాడైన గడ్డి బండి ఆసామికి కూడా బాబాయే. ఆ లెక్కన అతని భార్య అందరికీ పిన్ని అయి కూర్చుంది. ఆమెను మాత్రం ఎవరూ ఒక మాట అడగలేదు.

రెండేళ్ళ కిందట ఒక పొద్దున బాబాయి మాస్టారిని గదిలోంచి బయటికి తెస్తుంటే, ఎడమ ముందుకాలు సిమెంటు గచ్చు మీద ఆనగానే ఆయన తల పైకి ఎగిరింది. కుడికాలు ఆనినప్పుడు కిందికి దిగింది. మళ్ళీ ఎడమకాలు, మళ్ళీ తల పైకి. అంతకాలం గుర్రాలతో గడిపినవాడికి దీన్ని ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. నొప్పిగా ఉన్న కాలి మీద బరువు పడకుండా గుర్రం తల పైకి లాక్కుంటుంది. బాబాయి వంగి మోకాలు పట్టి చూశాడు. కాస్త వెచ్చగా, కాస్త లావుగా తగిలింది. మడవబోతే మాస్టారు కాలు మెల్లగా వెనక్కి తీసుకున్నారు. ఇంకో గుర్రమైతే తన్నేది.

బాబాయి అటూ ఇటూ చూశాడు. ఎవరూ లేరు. తాడు పట్టుకుని లాయం వెనక మట్టిబాటలోకి తీసుకెళ్ళి నలభై నిమిషాలు నడిపించాడు. పది నిమిషాలకు తల ఎగరడం తగ్గింది, అరగంటకు పూర్తిగా పోయింది. వయసు మళ్ళిన కీళ్ళ తీరే అంత, కదలకపోతే బిగుసుకుంటాయి, కదిలిస్తే వదులవుతాయి. హమ్మయ్య అనుకున్నాడు. ఆ హమ్మయ్యే కొంప ముంచింది.

ఎవరికైనా చెప్పి ఏడవొచ్చుగా అంటారు. చెప్పొచ్చు. కానీ అంతకు నెల ముందే ఒక బూడిదరంగు ఆడగుర్రాన్ని లారీ ఎక్కించింది బాబాయే. ఆ బడి పెట్టిన పెద్దాయన, అంటే ఇప్పటి మేడమ్ వాళ్ళ నాన్న, ఒక నియమం పెట్టుకున్నాడు. పన్నెండు గదులు, పన్నెండు పనిచేసే గుర్రాలు. సవారీకి పనికిరాని గుర్రానికి అక్కడ గది లేదు. లారీ ఎక్కడికి వెళ్తుందో పెద్దాయన చెప్పలేదు, బాబాయి అడగలేదు. ఆ గుర్రం లారీకి ఆనించిన చెక్క పలక మీద కాలు పెట్టకుండా మొరాయిస్తే, చెవి దగ్గర నాలుగు మంచి మాటలు చెప్పి ఎక్కించాడు. అతని మాట నమ్మే అది ఎక్కింది. ఆ సంగతి గుర్తొస్తే ఇప్పటికీ అతనికి అన్నం సహించదు.

మాస్టారికి ఆ గతి పట్టకూడదనుకున్నాడు, అంతే. అతను చేసింది తప్పు అని చెప్పడానికే ఈ కథంతా. కానీ అందులో దురుద్దేశం ఇసుమంతైనా లేదని ముందే ఒప్పుకోకపోతే అన్యాయమవుతుంది.

మూడు నెలలకోసారి గుర్రాల డాక్టరమ్మ వచ్చి ఒక్కో గుర్రాన్నీ నడిపించి, పరుగెత్తించి చూస్తుంది. ఆమె పదింటికి వస్తుందంటే బాబాయి ఐదింటికే లాయంలో ఉంటాడు. వేడినీళ్ళలో ముంచి పిండిన గోనెగుడ్డ మాస్టారి మోకాలికి చుడతాడు. తైలం పట్టించి రుద్దుతాడు, వాసన పట్టుకోకుండా మళ్ళీ సబ్బుతో కడుగుతాడు. తర్వాత మట్టిబాట మీద నడక. పదయ్యేసరికి మాస్టారు పదేళ్ళు చిన్నవారై నిలబడేవారు. డాక్టరమ్మ ముందు పరుగెత్తించేటప్పుడు తాడును గడ్డం కిందే పొట్టిగా బిగించి పట్టుకుంటాడు. ఇక తల ఎగరాలన్నా చోటుండదు.

ఒకసారి డాక్టరమ్మ, "కాస్త వదులుగా పట్టుకోండి" అంది.

"ఈయనకి తేనెటీగలంటే భయమమ్మా. ఉన్నట్టుండి బెదురుతారు" అన్నాడు బాబాయి.

మాస్టారు పుట్టి బుద్ధెరిగాక దేనికీ బెదరలేదు. డాక్టరమ్మ తలూపి, కాగితం మీద 'బాగుంది' అని రాసుకుని తర్వాతి గుర్రం దగ్గరికి వెళ్ళిపోయింది.

పాఠాల సంగతీ అంతే. ఏడు గంటల బ్యాచికి మాస్టారిని ఇచ్చేవాడు కాదు. "ఆయన పొద్దున్నే లేవరు, తొమ్మిదింటి వాళ్ళకి ఇద్దాం" అనేవాడు. మేడమ్ నవ్వి సరేననేది. ఆమెకు ఎనిమిదేళ్ళప్పుడు జీను మీద కూర్చోవడం నేర్పింది బాబాయే. గుర్రాల విషయంలో అతను ఒక మాట అంటే ఆమె ఇంకొకరిని అడగదు. ఇలా రెండేళ్ళు గడిచిపోయాయి. మధ్యలో పెద్దాయన కాలం చేశాడు, పగ్గాలు మేడమ్ చేతికొచ్చాయి, మోకాలు మాత్రం లోలోపల నెలనెలా ఇంకాస్త అరుగుతూనే ఉంది.

తొమ్మిదింటి బ్యాచిలో లైబ్రరీలో పనిచేసే ఒకావిడ ఉండేది. నలభై ఆరేళ్ళ మనిషి. చిన్నప్పటి నుంచీ గుర్రమెక్కాలని ఉండేదట, అప్పుడు కుదరలేదట, ఇప్పుడు తనే కుదుర్చుకుంది. జీను మీద కాళ్ళు వణక్కుండా కూర్చోవడానికే మూడు నెలలు పట్టింది. ఎనిమిదో నెలలో మేడమ్ ఆమె చేత మొదటిసారి గుర్రం మీద అడ్డకర్ర దూకించింది. కర్ర ఎత్తు మనిషి మోకాలంత. మాస్టారికి అలాంటివి వేల లెక్కన దూకిన అనుభవం. ఆ రోజు కూడా దూకారు. కానీ ఇసుకలో దిగినప్పుడు ఎడమకాలు మడతపడి, ముక్కు నేలకు తగిలేంత ముందుకు తూలారు. లైబ్రరీ ఆవిడ ఆయన భుజం మీదుగా జారి చేతి మీద పడింది.

మేడమ్ పరుగెత్తుకొచ్చింది. కంచె దగ్గరున్న బాబాయి అంతకంటే ముందే చేరాడు. అతను మొదట పట్టుకున్నది మాస్టారి కాలు.

"ఏమైంది?" అంది మేడమ్.

లైబ్రరీ ఆవిడ మణికట్టు పట్టుకుని కూర్చుంది. ముఖం పాలిపోయింది. "నేనే దిగేటప్పుడు పగ్గం లాగేశానేమో" అంది.

నిజం చెప్పడానికి అంతకంటే మంచి సమయం దొరకదు. బాబాయి నోరు తెరిచాడు కూడా. "అవునమ్మా, కొంచెం లాగారు. మొదటిసారి అందరూ లాగుతారు" అన్నాడు.

ఆమె ఒంటిచేత్తో లేచి, ఇసుక దులుపుకుని, మాస్టారి మెడ నిమిరింది. "సారీ మాస్టారూ" అని వెళ్ళిపోయింది. ఆ తర్వాత మూడు వారాలైనా ఆమె మళ్ళీ రాలేదు. బాబాయి ఆ మూడు వారాలూ తేలు కుట్టిన దొంగలా తిరిగాడు. తొమ్మిదింటి బ్యాచి వచ్చే వేళకు గడ్డి గదిలో ఏదో పని కల్పించుకునేవాడు.

ఇంతలో పిన్ని మోకాలు వచ్చి పడింది. పిన్ని దర్జీ పని చేస్తుంది. ముప్పై ఏళ్ళు మిషను తొక్కీ తొక్కీ కుడి మోకాలు అరిగింది. పొద్దున మంచం దిగాలంటే గోడ, కుర్చీ, మిషను, ఇలా ఒక్కొక్కటీ పట్టుకుంటూ రావాలి. రోజూ చూడలేక బాబాయి ఒక సోమవారం ఆమెను డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు.

క్లినిక్కు వరండాలో వరసగా ప్లాస్టిక్ కుర్చీలు. వీళ్ళ వంతుకు ఇంకా అరగంట ఉంది. పిన్ని కూర్చోబోయింది.

"కూర్చోకు, బిగుసుకుపోతావు. లే, నాలుగు అడుగులు వెయ్యి" అన్నాడు బాబాయి.

"ఎందుకు?"

"ఎందుకేమిటి, డాక్టరు ముందుకి కుంటుకుంటూ వెళ్తావా?"

అతను ఎంత సహజంగా అన్నాడంటే పిన్నికి కూడా అది సబబుగానే తోచింది. జబ్బ పట్టుకుని వరండా ఆ చివర నుంచి ఈ చివరకు ఇరవై రెండు సార్లు తిప్పాడు. మధ్యలో ఒకసారి ఆపి మోకాలి మీద చెయ్యి వేసి చూడబోతే ఆమె ఆ చేతి మీద ఒక్కటి వేసింది. పేరు పిలిచేసరికి పిన్ని చక్కగా నడుచుకుంటూ లోపలికి వెళ్ళింది. డాక్టరు నడిపించి చూశాడు. "నడక బాగానే ఉందే. వయసుతో వచ్చేదేలెండి" అని పది రోజులకు మాత్రలు రాసి, ఆర్నెల్ల తర్వాత రమ్మన్నాడు. బాబాయి పరీక్ష పాసైనంత సంబరంగా బయటికొచ్చాడు.

మర్నాడు పొద్దున పిన్ని మంచం మీంచి లేవలేకపోయింది. రెండు సార్లు ప్రయత్నించి, మిషను బల్ల పట్టుకుని అలాగే కూర్చుండిపోయింది. అప్పుడు ఆమెకు వెలిగింది.

"ఏమయ్యా, నేను నిన్న వెళ్ళింది డాక్టరు దగ్గరికా, అందాల పోటీకా?"

బాబాయి చొక్కా గుండీలు పెట్టుకుంటూ నీళ్ళు నమిలాడు.

"నొప్పి చూపించుకోడానికి వెళ్ళి, నొప్పి లేనట్టు చూపించుకుని వచ్చాను. నువ్వు తిప్పావు, నేను తిరిగాను. నాకు బుద్ధి లేదు సరే, నీకెవరు నేర్పారయ్యా ఈ విద్య?"

బాబాయి చివరి గుండీ దాకా పెట్టుకుని, మళ్ళీ మొదటి దాని దగ్గరికి వచ్చాడు. ముప్పై అయిదేళ్ళ కాపురంలో అతని మౌనాలు ఎన్ని రకాలో, ఏది దేనికో పిన్నికి తెలుసు. డాక్టరమ్మ వచ్చే రోజుల్లో అతను చీకటితోనే వెళ్ళడమూ తెలుసు. తైలం సీసాలు నెలకు రెండు చొప్పున ఖాళీ అవడమూ తెలుసు. రెండూ కలిపి చూసుకుంది.

"మాస్టారికి కూడా ఇలాగే చేస్తున్నావా?"

"నీకేం తెలుసు గుర్రాల సంగతి."

"నాకు గుర్రాలు తెలీవు. మోకాళ్ళు తెలుసు. చెప్పు, చేస్తున్నావా లేదా?"

"చెప్తే ఆయన్ని పంపించేస్తారే" అన్నాడు బాబాయి. ఆ మాట పైకి అనడం అదే మొదటిసారి.

పిన్ని కోపం కాస్త దిగింది గానీ మాట దిగలేదు. "నేనైతే రేపు మళ్ళీ వెళ్ళి, ఇదిగో ఇలా ఉంది నా సంగతి అని పోట్లాడతాను. మాస్టారు ఎవరితో పోట్లాడతారు?"

బాబాయికి ఒళ్ళు మండింది. టీ కూడా తాగకుండా లాయానికి వెళ్ళిపోయాడు. మాస్టారిని మామూలుగానే మట్టిబాట మీదికి తీసుకెళ్ళాడు. కానీ ఆ రోజు తాడు ఎంత బిగించి పట్టుకున్నాడో తన చెయ్యి తనకే కనిపించింది. మొదటి పది నిమిషాలూ ఆయన తలను ఆ చెయ్యే పట్టి ఆపుతోంది. వరండాలో పిన్ని జబ్బ పట్టుకున్నదీ ఆ చెయ్యే. పిన్నికి సరైన మందు దొరక్కుండా చేసింది తనే. ఇంకెవరినో తిట్టుకోడానికి చోటు లేకపోయింది.

డాక్టరమ్మ వచ్చేది శుక్రవారం. బాబాయి అలవాటు కొద్దీ ఐదింటికే వచ్చి, నీళ్ళు కాచడానికి పొయ్యి వెలిగించి, మళ్ళీ ఆర్పేశాడు. మాస్టారి గది ముందు బకెట్టు బోర్లించి దాని మీద కూర్చున్నాడు. ఆరయింది. మాస్టారు తలుపు మీంచి తల బయటికి పెట్టి చూశారు. ఏడింటికి గిట్టతో తలుపు తట్టారు, పదమన్నట్టు. "ఇవాళ కాదు" అన్నాడు బాబాయి. ఎనిమిదింటికి మళ్ళీ తట్టారు. నడిస్తే ఆయనకు హాయిగా ఉంటుందని తెలిసీ గదిలో నిలబెట్టడానికి అతనికి మనసొప్పలేదు. రెండు సార్లు లేచి గడియ మీద చెయ్యి వేశాడు, రెండు సార్లూ వచ్చి కూర్చున్నాడు. ఆ ఐదు గంటలంత కష్టమైన పని ఆ లాయంలో అతనెప్పుడూ చేయలేదు.

పదింటికి డాక్టరమ్మ, మేడమ్ కలిసి వచ్చారు.

"మాస్టారిని చివర్లో చూద్దాంలెండి, ఆయనకేం ఢోకా లేదుగా" అంది డాక్టరమ్మ.

"కాదమ్మా" అన్నాడు బాబాయి. "ముందు ఆయన్నే చూడండి. గదిలోంచి వస్తుండగానే చూడండి."

మేడమ్ వింతగా చూసింది. బాబాయి తలుపు తీసి మాస్టారిని బయటికి తెచ్చాడు. వేళ్ళు వాటంతట అవే గడ్డం కిందికి వెళ్ళి తాడును బిగించాయి. రెండడుగులు అలాగే నడిచాక ఆగి, పిడికిలి విప్పి, తాడును జారనిచ్చి, చివర పట్టుకున్నాడు. ముందుకు అడుగేశాడు. ఎడమకాలు ఆనగానే తల పైకి ఎగిరింది. డాక్టరమ్మ అప్పటికి ఇంకా కాగితాల వైపే చూస్తోంది. ఆమెకు మొదట వినిపించింది గిట్టల చప్పుడు. నాలుగు దెబ్బలూ సమంగా లేవు. కలం మూసి జేబులో పెట్టుకుంది.

ఆ తర్వాత జరిగిందంతా అరగంట పనే. కాలు మడిచి ఒక నిమిషం పట్టుకుని, వదిలి, పరుగెత్తించమంది. మాస్టారు మూడు కాళ్ళ మీదే నాలుగు గంతులేసి ఆగిపోయారు. బండిలోంచి చిన్న ఎక్స్‌రే పెట్టె తెచ్చి తీసింది. తెర మీద మోకాలి ఎముకలు కనిపించాయి. కీలు సందు సన్నబడిపోయింది, అంచుల వెంబడి ఎముక గరుకుగా పెరిగింది.

"ఇది నిన్నా మొన్నా వచ్చింది కాదు. పోయినసారి ఇలా కుంటలేదే. నడిపించింది మీరే కదూ?" అంది డాక్టరమ్మ.

"నేనేనమ్మా. పోయినసారీ ఇలాగే ఉంది. మీరు రాకముందు నడిపించి, వేడి కాపడం పెట్టి, తాడు బిగించి పట్టుకునేవాణ్ణి." ఒక్క గుక్కలో చెప్పేశాడు. "రెండేళ్ళ నుంచి."

మేడమ్ తెర మీది ఎముకల వైపే చూస్తూ నిలబడింది. ఒక్క మాట తిట్టినా బాగుండునని బాబాయికి అనిపించింది.

డాక్టరమ్మ కోప్పడలేదు. ఆమె చెప్పిందంతా పనికొచ్చే మాటే. అరిగింది తిరిగి రాదు, ఉన్నదాన్ని కాపాడుకోవచ్చు. గదిలో రోజంతా నిలబెట్టొద్దు, పగలు ఆవరణలో వదిలెయ్యండి. పొద్దునా సాయంత్రం మెత్తటి చదును నేల మీద నడిపించండి. దాణా తగ్గించి ఒళ్ళు కాస్త దించండి, ప్రతి కిలో ఆ కాలి మీదే పడుతుంది. గిట్ట ముందు కొన ఎక్కువ పెరగనివ్వకుండా ఐదు వారాలకోసారి చెక్కించి లాడాలు వేయించండి. నొప్పి తగ్గించే పొడి రాసిస్తాను, అది తిని హుషారుగా ఉన్నారు కదా అని మళ్ళీ కర్రల మీదికి తోలకండి. దూకడం ఈ రోజుతో ఆఖరు. రెండు నెలల తర్వాత చూసి, తేలికపాటి మనుషులను ఎక్కించి ఊరికే నడిపించొచ్చో లేదో చెప్తాను.

"మీరు పొద్దున్నే నడిపించడం మాత్రం మంచిపనే" అంది బాబాయితో. "నేను చెప్పినా అదే చెప్పేదాన్ని."

బాబాయి ముఖం వెలగబోయింది. "రెండేళ్ళ కిందటే చూసుంటేనో అమ్మా?"

ఆమె పెట్టె మూత వేసింది. "దూకించడం అప్పుడే ఆపించేదాన్ని. ఇంత అరిగేది కాదు" అంది.

డాక్టరమ్మ తక్కిన గుర్రాల దగ్గరికి వెళ్ళాక మేడమ్, బాబాయి మాస్టారికి చెరో పక్కన మిగిలారు.

"ఎందుకు బాబాయ్?"

అతను బూడిదరంగు గుర్రం సంగతి చెప్పాడు. పన్నెండు గదుల సంగతి చెప్పాడు.

"ఆ గుర్రాన్ని పంపింది నాన్న. నేను కాదు" అంది మేడమ్. "నాన్న పోయి ఏడాది దాటింది. ఈ ఏడాదిలో ఒక్క రోజు, ఒక్కసారి, అమ్మాయ్, మాస్టారు కుంటుతున్నారు, ఏం చేద్దాం అని నన్ను అడిగావా? నేను పంపేస్తానని నువ్వే అనేసుకున్నావు. నాకు జీనెక్కడం నేర్పినవాడివి, నన్ను ఆ మాత్రం ఎరగవా?"

నిజానికి ఆమెను అడగొచ్చన్న ఆలోచనే అతనికి రాలేదు. పెద్దాయన పోయినా పెద్దాయన భయం మాత్రం లాయంలో అతని వెంటే తిరుగుతోంది.

"మాస్టారు ఎక్కడికీ వెళ్ళరు" అంది మేడమ్. "రోజూ ఆయన్ని నడిపించేది కూడా నువ్వే. కానీ ఇకనుంచి డాక్టరమ్మ వచ్చినప్పుడు తాడు నువ్వు పట్టుకోవద్దు. ఏ గుర్రానిదీ పట్టుకోవద్దు. నేను పట్టుకుంటాను."

ముప్పై ఒక్కేళ్ళలో ఆ మాట అతనికి తగిలినంత గట్టిగా ఏ గుర్రం కాలూ తగల్లేదు. తలూపాడు.

"ఇంకొకటి. ఆ రోజు లైబ్రరీ ఆవిడ పగ్గం లాగిందా?"

"లేదమ్మా."

"అయితే నువ్వే వెళ్ళి చెప్పు. ఫోన్లో కాదు."

బాబాయి తన జన్మలో లైబ్రరీ గడప తొక్కినవాడు కాదు. మర్నాడు మధ్యాహ్నం ఉతికిన చొక్కా వేసుకుని, బూట్లకున్న పేడ రెండు సార్లు తుడుచుకుని లోపలికి వెళ్ళాడు. పొడుగాటి బల్లల దగ్గర పదిహేను మంది దాకా చదువుకుంటున్నారు. ఫ్యాను తిరుగుతున్న చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. కౌంటరు దగ్గర నలుగురి వెనక వరసలో నిలబడ్డాడు. అందరి చేతుల్లోనూ పుస్తకాలున్నాయి, తన చేతులే ఖాళీగా ఉన్నాయి. ఎక్కడ పెట్టుకోవాలో తెలీక వెనక్కి కట్టుకున్నాడు.

లైబ్రరీ ఆవిడ మణికట్టుకు ఇంకా పట్టీ ఉంది. ఎడమచేత్తో కష్టపడి ముద్రలు వేస్తోంది. తల ఎత్తి అతన్ని చూసి ఆశ్చర్యపోయింది.

"బాబాయ్, మీరా? మాస్టారు బాగున్నారా?"

"మీరు పగ్గం లాగలేదమ్మా" అన్నాడు బాబాయి.

ఎన్నో మాటలు కూడబలుక్కుని వచ్చాడు. అన్నీ పోయి ముందు అదొక్కటే వచ్చింది. గుర్రాలతో మాట్లాడే గొంతు కాబట్టి నాలుగు బల్లల దాకా వినిపించింది.

"మెల్లగా" అంది ఆమె.

అతను కౌంటరు మీదికి వంగి, గొంతు తగ్గించి, మొత్తం చెప్పాడు. మోకాలి సంగతి, మట్టిబాట, తాడు, ఆ రోజు ఇసుకలో మడతపడిన కాలు. తను కంచె దగ్గర నిలబడి కళ్ళారా చూసి కూడా అబద్ధమాడిన సంగతి. ఆమె వింటున్నంతసేపూ ఒక పుస్తకం మూసి, తెరిచి, మూసింది.

"నేను ఇంట్లో కుర్చీ చేతి మీద కూర్చుని, తువ్వాలు పగ్గంలా పట్టుకుని, ఎక్కడ లాగానా అని చూసుకునేదాన్ని" అంది చివరికి. "రోజూ. ఎంత చూసినా నా చెయ్యి లాగినట్టు అనిపించేది కాదు. అయినా మీరన్నారు కదా అని, లాగే ఉంటానని నమ్మాను. ఈ వయసులో నాకెందుకీ సరదా అని మానేశాను."

"తప్పయిపోయిందమ్మా."

"అయింది" అంది ఆమె. పర్వాలేదులెండి అనలేదు. అంటుందేమోనని అతను ఎదురుచూశాడు, ఆమె అనలేదు.

చేతిలో పుస్తకం పక్కన పెట్టి, "ఆ కర్ర దూకినప్పుడు ఆయనకి నొప్పి పుట్టిందా?" అని అడిగింది.

రెండేళ్ళలో ఎవరూ అతన్ని ఆ ప్రశ్న అడగలేదు. పంపేస్తారా, ఉంచుతారా అన్నదే అతని గోల. "పుట్టిందమ్మా" అన్నాడు.

"నేను మీద ఉండగా."

"మీరే కాదు. అందరూ మీద ఉండగా."

ఆమె కళ్ళు తుడుచుకుంది. "నాకు తెలిసుంటే ఎక్కేదాన్నే కాదు. నొప్పిగా ఉందని గుర్రం మనకెలా చెప్తుంది బాబాయ్?"

"చెప్తారమ్మా. రెండేళ్ళుగా రోజూ పొద్దున్నే, గడప దాటగానే నాకు చెప్తూనే ఉన్నారు" అన్నాడు బాబాయి. గొంతు తగ్గించాలన్న సంగతి మర్చిపోయాడు. "నేను విన్నాను. విని, ఇంకెవరికీ వినపడకుండా చేశాను."

బల్లల దగ్గర చదువుకుంటున్నవాళ్ళు తలలెత్తి చూశారు. ఈసారి ఆమె 'మెల్లగా' అనలేదు.